ఒకే ఫ్యాను, మూడు మాటలు

"రెండూ ముప్ఫై అయిదు," అంది డిటెక్టివ్ చేతి గడియారం చూసుకుని. "అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారట కదా. అంటే ఇంకా రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలుంది."

"అతనికుంది. మీకు లేదు," అన్నాడు ఇన్స్పెక్టరు కుర్చీలోంచి లేవకుండా. "కేసు అయిపోయింది మేడమ్. మేస్త్రీ ఒప్పుకున్నాడు. సంతకం కూడా పెట్టాడు. ఎండలో శ్రమపడి వచ్చారు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

డిటెక్టివ్ వెనక నిలబడ్డ మెకానిక్ మేస్త్రీ భార్య ముందుకొచ్చింది. "మంచినీళ్ళు మా ఇంట్లోనూ ఉన్నాయి సార్. మొగుడే లేడు. ఆయన్నిచ్చేయండి, పోతాం."

డిటెక్టివ్‌ని అందరూ క్లచ్చక్క అంటారు. ఈ పనిలోకి రాకముందు ఆమె పద్దెనిమిదేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపింది. ఆ స్కూలు కార్ల రిపేర్లన్నీ ఈ మేస్త్రీయే చేసేవాడు. ఇన్స్పెక్టరు బండి నడపడం నేర్చుకున్నదీ ఆ స్కూల్లోనే. రెండుసార్లు పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇద్దరికీ బాగా గుర్తుంది. అందుకే ఆమెని చూడగానే అతని గొంతు కాస్త పైకి లేస్తుంది.

"ఏం జరిగిందో ఒక్కసారి మీ నోటితో చెప్పండి," అంది ఆమె.

చెప్పడమంటే అతనికి ఇష్టమే. ఫైలు తెరిచాడు.

సోమవారం సాయంత్రం మేస్త్రీ తన షెడ్డులో సర్వేయరు కారుకి రేడియేటర్ ఫ్యాను మోటారు మార్చాడు. బుధవారం, అంటే ఈ రోజు, ఉదయం ఎనిమిదీ అయిదుకి సర్వేయరు ఆ కారులో ఒక్కడే బయల్దేరాడు. పదకొండింటికి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఒక పెద్ద స్థలం తగాదాలో ఆయన కొలిచిన కొలతలే ఆధారం. ఎనిమిదీ నలభై రెండుకి తమ్ముడికి ఫోన్ చేశాడు. తొమ్మిదీ పదికి పాలవ్యాను డ్రైవరు ఆ కారుని క్వారీ మలుపు దగ్గర చూశాడు. బానెట్ ఎత్తి ఉంది. కారు కింద నీళ్ళ మడుగు. మనిషి లేడు. కొలతల పుస్తకమూ లేదు.

"మేస్త్రీ షెడ్డు కూడా ఆ స్థలంలోనే ఉంది," అన్నాడు ఇన్స్పెక్టరు. "కొలతలు కోర్టుకి చేరితే షెడ్డు పోతుంది. అందుకే ఫ్యాను పాడుచేశాడు. ఎవరూ తిరగని చోట బండి ఆగింది. మిగతాది వీడి మనుషులు చూసుకున్నారు. సర్వేయరుని ఎక్కడ పెట్టారో ఒక్కటే చెప్పడం లేదు. రేపటికి అదీ చెప్తాడు."

"మనుషులా!" అంది మేస్త్రీ భార్య. "ఆయనకున్న మనిషిని నేనొక్కదాన్నే సార్. స్పానరు అందించేదీ నేనే, అన్నం వడ్డించేదీ నేనే. నన్నూ లోపలెయ్యండి మరి."

"ఆ వాంగ్మూలం చూడొచ్చా?" అంది డిటెక్టివ్.

ఇన్స్పెక్టరు జిరాక్సు కాగితం ఒకటి బల్ల మీదకి తోశాడు. ఆమె దాన్ని పట్టుకుని గోడవారన బెంచీ మీద కూర్చున్న మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. అతని చేతులకి ఇంకా గ్రీజు అలాగే ఉంది. ఆమె పైకే చదివింది.

"'సర్వేయరుగారి కొలతల వల్ల నా షెడ్డు పోతుందన్న కోపంతో కారు ఫ్యాన్‌ని కావాలనే పాడుచేశాను.' ఇది నువ్వు చెప్పిందేనా?"

మేస్త్రీ తలెత్తాడు. "అలా ఉందా అందులో?"

"చదివే కదా సంతకం పెట్టావు!" అన్నాడు ఇన్స్పెక్టరు.

మేస్త్రీ నేల చూపులు చూశాడు. "చదివానండి," అన్నాడు.

"ఏం చదివావు?" అంది భార్య. "అక్కా, ఆయనకి సంతకం గీయడం ఒక్కటే వచ్చు. అది కూడా నేనే నేర్పించాను. పేరు కాకుండా ఇంకో అక్షరం రాయమనండి చూద్దాం."

"నువ్వూరుకోవే."

"ఊరుకుంటే నువ్వు జైలుకెళ్తావు, నేను పరువు కాపాడుకుంటూ గుమ్మంలో కూర్చుంటాను. బాగుందిగా!"

చదువు రానివాళ్ళు ఆ మాట దాచడానికి ఎంత దూరమైనా వెళ్తారని డిటెక్టివ్‌కి తెలుసు. రోడ్డు గుర్తుల పరీక్ష రోజున కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పేవాళ్ళని ఆమె స్కూల్లో చాలామందినే చూసింది. వాళ్ళలో సగం మందికి అసలు కళ్ళజోడే ఉండేది కాదు.

"నేను చదివి వినిపించాను," అన్నాడు ఇన్స్పెక్టరు.

"వినిపించారండి," అన్నాడు మేస్త్రీ. "గబగబా చదివారు. ఫ్యాను నేనే బిగించానని ఉందనుకున్నాను. బిగించింది నేనే కదా."

"సంతకం సంతకమే," అన్నాడు ఇన్స్పెక్టరు. "అది పోయినా పెరట్లో బండి ఉంది. అబద్ధమాడడానికి దానికి నోరు లేదు."

గదిలో ఇంకొకతను ఉన్నాడు. సర్వేయరు తమ్ముడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఇంతసేపూ కిటికీ పక్క కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. డిటెక్టివ్ అతని ఎదురుగా నిలబడింది.

"మీ అన్నయ్య ఫోన్లో ఏమన్నారు బాబూ?"

"ఇంజను పొంగిపోయిందిరా అన్నాడండి. ఫ్యాను తిరగడం లేదు, క్వారీ మలుపు దగ్గర ఆగిపోయాను, నువ్వు బండి తీసుకురా అన్నాడు."

"ఫ్యాను తిరగడం లేదనే అన్నారా?"

"ఆ మాటే అన్నాడు."

"ఎంతసేపు మాట్లాడారు?"

"నిమిషం పది సెకన్లు."

"సెకన్లతో సహా గుర్తుందే!"

"పొద్దుట్నించి నాలుగుసార్లు అడిగారు కదండీ. గుర్తుండకేం చేస్తుంది." ఫోను తెరిచి చూపించాడు. ఎనిమిదీ నలభై రెండు. నిమిషం పది సెకన్లు. నిజమే.

"మీరు అక్కడికి ఎన్నింటికి వెళ్ళారు?"

"తొమ్మిదిన్నర. అప్పటికే పాలవ్యాను అతను, ఇంకో ఇద్దరు పోగయ్యారు. అన్నయ్య లేడు." కళ్ళు తుడుచుకుని లేచాడు. "వెళ్ళొస్తాను సార్. వదిన ఒక్కతే ఉంది ఇంట్లో."

"వెళ్ళు బాబూ. ధైర్యంగా ఉండు," అన్నాడు ఇన్స్పెక్టరు.

అప్పుడు రెండూ యాభై. అతను గుమ్మం దాటగానే డిటెక్టివ్ సర్వేయరు భార్యకి ఫోన్ చేసింది. అవతల నుంచి అలసిపోయిన గొంతు పలికింది.

"ఒక్కటే ప్రశ్నమ్మా. సోమవారం మోటారు మార్చాక, బుధవారం లోపల ఆ కారు ఎవరైనా నడిపారా?"

"నేనే నడిపానండి. మంగళవారం సాయంత్రం బజారుకి వెళ్ళాను. ఏసీ వేసుకునే ఉన్నాను. ఒకచోట నలభై నిమిషాలు ట్రాఫిక్కులో ఇరుక్కుపోయాను."

"టెంపరేచర్ ముల్లు చూశారా?"

"అదే చూస్తూ కూర్చున్నానండి. అంతకుముందు వారం అదే చోట పొగలొచ్చాయి కదా, భయం. సగం దాటలేదు. ఫ్యాను చప్పుడు కూడా వినపడుతూనే ఉంది."

డిటెక్టివ్ ఫోను పెట్టేసి పెరట్లోకి నడిచింది. ఇన్స్పెక్టరుకి వెంట రాక తప్పలేదు.

పోలీసు బళ్ళు చూసే ఎలక్ట్రీషియన్ అక్కడ ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. పిలిస్తే ముందు కాళ్ళు కదిలాయి, తర్వాత మనిషి బయటికి వచ్చాడు. యాభై దాటిన పెద్దమనిషి.

"ఈ కారు పదకొండున్నరకి వచ్చింది మేడమ్," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "పన్నెండుంబావుకి నేను చూశాను. ఫ్యూజు బాగుంది. ఫ్యానుకి కరెంటు పంపే రిలే బాగుంది. మోటారుకి నేరుగా బ్యాటరీ పెట్టి చూశాను, గిర్రున తిరిగింది. ఇంజను స్టార్టు చేసి ఉంచితే ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. పోన్లే బాగుందనుకున్నాను. పద్నాలుగు నిమిషాలకి ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది! ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఇంజను కాగుతూనే ఉంది. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. భయమేసి ఆపేశాను."

డిటెక్టివ్ నుదురు రుద్దుకుంది.

తమ్ముడు చెప్పిన ఫ్యాను తిరగదు. వదిన చెప్పిన ఫ్యాను తిరుగుతుంది, ఇంజను చల్లగా ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చెప్పిన ఫ్యాను తిరుగుతుంది, కానీ ఇంజను మరుగుతుంది. ఉన్నది ఒకే ఫ్యాను. ముగ్గురికీ అబద్ధమాడే అవసరం కనపడటం లేదు.

"స్టార్టు చేయండి," అంది.

మూడూ అయిదుకి ఇంజను మోగింది. ఆమె బానెట్ ఎత్తి పక్కనే నిలబడింది. ఇంజనుని చల్లబరిచే కూలెంట్ సీసాలో పచ్చటి నీళ్ళు పై గీత దాకా ఉన్నాయి. పైపులన్నీ పొడిగా ఉన్నాయి. ఎనిమిదో నిమిషంలో ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. చప్పుడు బాగానే ఉంది. తొమ్మిదో నిమిషానికి ముల్లు సగం దాటింది. ఫ్యాను ఆగలేదు. పదకొండో నిమిషానికి ముప్పాతిక. అయినా ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమెకి అర్థం కాలేదు. రేడియేటరు పూడుకుపోయిందా అంటే మంగళవారం బాగుంది. నీళ్ళ పంపు పాడయిందా అంటే వేడి పైపుల్లో చక్కగా పాకుతోంది. ఆమె రెండు కారణాలు అనుకుంది, రెండింటినీ తనే కొట్టిపారేసింది.

"చెప్పాను కదా," అన్నాడు ఇన్స్పెక్టరు. "బండి నడపడం వేరు, బండి లోపల సంగతులు వేరు."

"మీరు గేరు మార్చబోయి హారన్ కొట్టిన రోజున నేనూ ఇదే మాట అన్నాను," అందామె. ఎలక్ట్రీషియన్ దగ్గుతున్నట్టు నటించి మొహం అటు తిప్పుకున్నాడు.

ఆమె కారు ముందుకి వచ్చింది. మోకాళ్ళ మీద గ్రిల్ ఎదురుగా కూర్చుంది. వేడిగాలి మొహానికి కొట్టింది. ముందు వైపు నుంచి వేడిగాలి రాకూడదు. ఇన్స్పెక్టరు చంకలోని ఫైలు లోంచి పై కాగితం లాగి గ్రిల్‌కి ఆనించి వదిలింది. కాగితం ఎగిరి మూడడుగుల దూరంలో పడింది.

"ఏమండోయ్, అది వాంగ్మూలం!" అని ఇన్స్పెక్టరు దాని వెంట పడ్డాడు.

"బండి ఆపండి," అందామె లేస్తూ. "ఈ ఫ్యాను రేడియేటరుకి వెనక ఉంటుంది. బయటి చల్లగాలిని లోపలికి లాగాలి. కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి. ఇది ఇంజను వేడిని తీసుకుని మళ్ళీ రేడియేటరుకే కొడుతోంది. తిరగడం తిరుగుతోంది కానీ, ఎదురు దిక్కున తిరుగుతోంది. మోటారు వైర్లు అటుదిటు కలిపారు."

అనేశాక కానీ ఆమెకి తెలియలేదు, ఏం చేసిందో.

ఇన్స్పెక్టరు కాగితం దులుపుకుంటూ నెమ్మదిగా నవ్వాడు. "థాంక్స్ మేడమ్. పొద్దుట్నించి నాకు ఒక్కటే లోటుగా ఉంది. ఫ్యాను ఎలా పాడుచేశాడని మేజిస్ట్రేటు అడిగితే ఏం చెప్పాలా అని. వైర్లు తారుమారు చేశాడు. మీరే సాక్షి."

మేస్త్రీ భార్య డిటెక్టివ్ వంక చూసిన చూపులో కోపం కూడా లేదు. "ఇందుకా అక్కా మిమ్మల్ని తీసుకొచ్చింది? వాళ్ళకి రానిది వాళ్ళకి నేర్పడానికా?"

డిటెక్టివ్ లోపలికి వెళ్ళి బెంచీ మీద మేస్త్రీ పక్కన కూర్చుంది. మూడూ ఇరవై అయిదు.

"సోమవారం నువ్వు చేసిన పని మొదట్నించి చెప్పు. ఒక్క స్క్రూ కూడా వదలకుండా."

"పాత మోటారు కాలిపోయిందండి. ఆ రకం దొరకలేదు. స్క్రాప్ వాడి దగ్గర వేరే కారు మోటారు తెచ్చాను. రెక్క మాత్రం పాతదే పెట్టాను. ఆ మోటారు అటు తిరిగే రకం. మన రెక్కకి ఇటు తిరగాలి."

"మరి?"

"మరేముందండీ, వైర్లు మార్చి కలిపితే ఇటు తిరుగుతుంది. కారు ఎర్ర వైరుకి మోటారు నల్ల వైరు, కారు నల్ల వైరుకి మోటారు ఎర్ర వైరు. కాగితం పెట్టి చూశాను కూడా. ఠపీమని అతుక్కుంది."

"ఎర్ర వైరుకి నల్లది కలిపావా? కావాలనా?"

"కావాలనేనండి. అలాగే కలపాలి దానికి."

"రేపు ఇంకెవరైనా విప్పితే వాళ్ళకెలా తెలుస్తుంది? చీటీ అంటించవా?"

మేస్త్రీ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "చీటీలు నాకెక్కడ వస్తాయండీ. దారం కడతాను. మా ఆవిడ కుట్టుమిషను దారం. ఒక చుట్టున్న వైరుకి ఒక చుట్టున్నది, రెండు చుట్లున్న వైరుకి రెండు చుట్లున్నది. రంగులు నేను నమ్మనండి, స్క్రాప్ సరుక్కి ఎవడికి తోచిన రంగు వాడు వేస్తాడు. ఇరవై ఏళ్ళ నుంచి నా దారాలు నాకు తప్పు చెప్పలేదు."

డిటెక్టివ్ లేచింది. "నాతో రా."

"వాడు కదలడానికి వీల్లేదు," అన్నాడు ఇన్స్పెక్టరు.

"పెరటి దాకే. పారిపోతే నన్ను కూర్చోబెట్టండి బెంచీ మీద."

మేస్త్రీ టార్చి పట్టుకుని ఇంజను మీదకి వంగాడు. మోటారు నుంచి వచ్చే రెండు వైర్లు, కారు నుంచి వచ్చే రెండు వైర్లు. జాయింట్ల దగ్గర టేపు చుట్టి ఉంది. టేపుకి అంగుళం అవతల మట్టీ నూనే పట్టి నల్లబడ్డ సన్నటి పోగులు ఉన్నాయి. తెలియనివాళ్ళకి అవి మురికిలాగే కనిపిస్తాయి. అతను గోటితో గీరాడు. దారం బయటపడింది.

"ఇదేంటండీ!" అన్నాడు. "ఒక చుట్టుది రెండు చుట్లదానికి కలిసింది. ఇది నా పని కాదు."

"బండి చేతులు మారాక నా పని కాదనడం తేలికే," అన్నాడు ఇన్స్పెక్టరు.

"చేతులు మారాయి. అదే నేనూ అంటున్నాను," అంది డిటెక్టివ్. "టేపు చూడండి. చుట్టుపక్కల ప్రతి వైరు మీదా రోడ్డు దుమ్ముంది. టేపు మీద ఒక్క రవ్వ లేదు. రెండు రోజులు తిరిగిన కారులో టేపు ఇంత నిగనిగలాడదు. ఈ టేపు ఎవరిది?"

ఎలక్ట్రీషియన్ జేబులోకి చెయ్యి పెట్టి టేపు చుట్ట ఒకటి బయటికి తీశాడు. దాని వంకా, జాయింటు వంకా చూశాడు.

"నాదే," అన్నాడు.

"మీరెందుకు వేశారు?"

"మోటారుకి నేరుగా బ్యాటరీ పెట్టాలంటే జాయింటు విప్పాలి కదమ్మా. విప్పాను. చూశాను. మళ్ళీ కలిపి టేపు వేశాను."

"విప్పినప్పుడు ఏది దేనికుందో చూశారా?"

"చూడ్డానికేముంది? ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ముప్ఫై ఏళ్ళుగా అలాగే..." మాట సగంలో ఆగిపోయింది. అతను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "టేపు లాగుతుంటేనే రెండూ ఊడి చేతికొచ్చాయి. ఎలా ఉండేవో నేను చూడనే లేదు. అయ్యా, తప్పుడు జాయింటు నాది. పాపం ఈ మనిషిది కాదు."

"నువ్వు కాస్త నోరు మూసుకుంటావా?" అన్నాడు ఇన్స్పెక్టరు.

"మూసుకున్నాను కనకే ఇంత దూరం వచ్చింది సార్. పొద్దున అడిగి ఉంటే పొద్దునే చెప్పేవాణ్ణి."

మేస్త్రీ ఎవరి అనుమతీ అడగలేదు. జాయింట్లు విప్పి, చుట్టుకి చుట్టు, రెండు చుట్లకి రెండు చుట్లు కలిపాడు. మూడూ నలభై ఎనిమిదికి ఇంజను మళ్ళీ మోగింది. ఫ్యాను తిరగడం మొదలవగానే మేస్త్రీ భార్య వాంగ్మూలం కాగితాన్ని ఇన్స్పెక్టరు చేతిలోంచి తీసుకుని గ్రిల్ ముందు వదిలింది. అది ఠపీమని అతుక్కుపోయింది. ముల్లు సగం దగ్గరికి దిగి అక్కడే నిలబడింది. అయిదు నిమిషాలు. పది. ఇరవై. ఏసీ వేసినా కదల్లేదు.

"ఇక్కడ కదల్లేదు సరే," అన్నాడు ఇన్స్పెక్టరు. గొంతులో మునుపటి బలం లేదు. "రోడ్డు మీద పొంగిందేమో."

"రోడ్డు మీద ఎదురుగాలి ఉంటుంది, ఇంకా చల్లగా ఉంటుంది. నిలబెట్టిన బండికే ఇది కష్టమైన పరీక్ష. సరే, నీళ్ళ సంగతి చెప్పండి. మీరెవరైనా రేడియేటరులో నీళ్ళు పోశారా?"

"లేదమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియన్. "నిండుగానే ఉంది వచ్చినప్పుడు."

"పొంగిపోయిన ఇంజనులో నీళ్ళు నిండుగా ఎలా ఉంటాయి? కారు కింద ఉన్న మడుగు ఏ రంగు?"

ఇన్స్పెక్టరు ఫోన్లో పొద్దున తీసిన ఫొటో తెరిచాడు. పెద్దది చేసి చూశాడు. "మామూలు నీళ్ళే."

"ఇందులో ఉన్నది పచ్చ కూలెంటు. మడుగు ఎవరో నీళ్ళ సీసాతో పోసింది. బానెట్ ఎవరో ఎత్తింది. ఈ కారు ఈ ఉదయం వేడెక్కనే లేదు ఇన్స్పెక్టరుగారూ. మీ మనిషి జాయింటు మార్చాక, పన్నెండుంబావుకి, మీ పెరట్లోనే మొదటిసారి వేడెక్కింది. లేని రోగానికి మనం మందు వెతుకుతున్నాం ఇంతసేపూ."

"మరి సర్వేయరు బండి ఎందుకు ఆపాడు?"

"అదే నాకూ తెలియదు. తెలిసినవాళ్ళెవరో చెయ్యెత్తితే ఆపి ఉంటాడు."

ఇన్స్పెక్టరు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఆగి, వెనక్కి తిరిగాడు. "కానీ ఆయనే ఫోన్ చేసి చెప్పాడు కదా. ఇంజను పొంగింది, ఫ్యాను తిరగడం లేదని..."

"చెప్పాడని ఎవరన్నారు?"

ఇన్స్పెక్టరు ఇందాక తమ్ముడు కూర్చున్న గది వైపు తల తిప్పాడు.

"ఫోను వచ్చిన మాట నిజమే," అంది డిటెక్టివ్. "ఎనిమిదీ నలభై రెండు, నిమిషం పది సెకన్లు. ఆ నిమిషం పది సెకన్లలో ఏం మాట్లాడుకున్నారో విన్నది ఒక్కడే. ఎక్కడున్నావన్నయ్యా, నేనూ అటే వస్తున్నాను, ఆగు అన్నాడేమో. సోమవారం మోటారు మార్చారని తమ్ముడికి తెలుసు. ఫ్యాను మీద పెడితే అది మేస్త్రీ మీదకి పోతుందనీ తెలుసు. ఇందాక మనకి మూడు మాటలూ ఎందుకు కలవలేదంటే, ఇద్దరు చూసింది చెప్పారు. ఒకడు అల్లింది చెప్పాడు."

ఇన్స్పెక్టరు గ్రిల్‌కి అతుక్కున్న జిరాక్సు కాగితం లాగి నాలుగు ముక్కలు చేశాడు. అసలుది ఫైలు లోంచి తీసి దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. "మేస్త్రీ, నువ్వెళ్ళొచ్చు," అన్నాడు ఎటో చూస్తూ.

మేస్త్రీకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. భార్య అప్పటికే అతని మోచెయ్యి పట్టుకుని ఉంది. "పద. ఆయన మనసు మారకముందే పద."

డిటెక్టివ్ వాళ్ళని చూడటం లేదు. ఆమెకి ఇంకో మాట గుర్తొచ్చింది. వదిన ఒక్కతే ఉంది ఇంట్లో. ఫోను తీసి నంబరు నొక్కింది. నాలుగూ ఇరవై. మూడోసారి మోగాక సర్వేయరు భార్య పలికింది. ఈసారి గొంతులో అలసట లేదు.

"ఆయన దొరికారండీ! మా మరిది ఇప్పుడే చెప్పాడు. నన్ను తన కారులోనే తీసుకెళ్తున్నాడు."

"ఎక్కడికమ్మా?"

"చెప్పట్లేదండి, నువ్వే చూద్దువుగాని వదినా అంటున్నాడు. కొలతల పుస్తకం కూడా తెమ్మన్నారట. ఆయన అది పొద్దున బీరువాలోనే మర్చిపోయి వెళ్ళారట. చూస్తే నిజంగానే బట్టల కింద ఉంది! నాక్కూడా తెలియదు."

భార్యకే తెలియని చోటు మరిదికి తెలిసింది. చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అంటే సర్వేయరు బతికే ఉన్నాడు, తమ్ముణ్ణి కొనేసిన స్థలం తగాదా మనుషుల చేతుల్లో ఉండి ఉంటాడు, పుస్తకం చేరేదాకా బతికే ఉంటాడు. ఆ పుస్తకం ఇప్పుడు కారులో వెళ్తోంది. డిటెక్టివ్ చప్పుడు చేయకుండా ఇన్స్పెక్టరు చొక్కా పట్టుకుని లాగింది. ఫోను స్పీకరులో పెట్టింది.

"ఎవరు వదినా? ఇలా ఇవ్వు," అన్న మాట వినిపించింది. తర్వాత అదే మర్యాదైన గొంతు, దగ్గరగా. "మేడమ్ గారూ! ఇంకా స్టేషన్లోనే ఉన్నారా? మేస్త్రీ సంగతి ఏమైంది?"

గేటు దాకా వెళ్ళిన మేస్త్రీ, భార్య ఆగిపోయారు. డిటెక్టివ్ వాళ్ళ వైపు చెయ్యి చాచి, కదలొద్దని సైగ చేసింది.

"ఏమవుతుంది బాబూ," అంది. "ఒప్పుకున్నాడు. అయిదింటికి తీసుకెళ్తున్నారు. నా శ్రమ వృథా."

"అవునా." వెనక కారు ఇంజను చప్పుడు వినపడుతోంది. "మరి వాళ్ళావిడ అంత నిశ్శబ్దంగా ఉందేంటండీ? మొగుణ్ణి జైలుకి తీసుకెళ్తుంటే ఏ ఆడదైనా ఏడుస్తుందే."

పెరట్లో అందరూ మేస్త్రీ భార్య వైపు తిరిగారు. ఆమె ఫోను వంక చూసింది, డిటెక్టివ్ వంక చూసింది. మొగుడి మోచెయ్యి వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. పట్టుకుని నోరు తెరిచింది.

"అయ్యో నా మొగుణ్ణి తీసుకుపోతున్నారే! ఏ పాపం ఎరగడే నా తండ్రి! అక్షరమ్ముక్క రానోడి చేత కాగితాలు రాయించుకున్నారే!"

మొదటి కేక నటనే. రెండో కేక దగ్గర గొంతు నిజంగా పగిలింది. పొద్దుట్నించి లోపల అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. మేస్త్రీ ఏం చెయ్యాలో తెలియక గ్రీజు చేత్తో ఆమె తల నిమిరాడు. ఇన్స్పెక్టరు చప్పుడు కాకుండా జీపు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఎలక్ట్రీషియన్ అప్పటికే గేటు తెరిచాడు.

అవతల సన్నగా నవ్విన చప్పుడు. "పాపం," అన్నాడు తమ్ముడు. ఫోను ఎక్కడో పెట్టినట్టు టక్కుమంది.

కానీ తెర మీద సెకన్లు ఇంకా కదులుతున్నాయి. అతను ఆపలేదు, వింటున్నాడు. డిటెక్టివ్ ఫోనుకి చెవి ఆనించింది. నున్నటి రోడ్డు చప్పుడు ఉన్నట్టుండి మారింది. టైర్ల కింద రాళ్ళు పటపటమంటున్నాయి. దూరంగా ఏదో పెద్ద యంత్రం రాళ్ళు పగలగొడుతున్న మోత. "ఇటెందుకు వెళ్తున్నాం?" అని వదిన అడుగుతోంది. అతను బదులివ్వడం లేదు. డిటెక్టివ్ ఇన్స్పెక్టరు వైపు తిరిగి 'క్వారీ' అని పెదాలు మాత్రమే కదిపింది.

మేస్త్రీ భార్య ఏడుపు సన్నగిల్లబోయింది. డిటెక్టివ్ చేత్తో సైగ చేసింది. ఆపకు.